మొదటి కన్ను

మృగశిర కార్తె, మూడో రోజు. ఆకాశం నిర్మలం. గాలి పడమటి నుంచి.

ఈ ఉదయం సూర్యుడి మీద ఒక చీమ నడిచింది.

దుర్బిణి గుండా వచ్చే బింబం పలక మీది తెల్ల కాగితంపై పళ్ళెమంత పడుతుంది. చీమ దాని తూర్పు అంచున ఎక్కి, నడిమి మచ్చల గుంపును చుట్టి, పడమటి అంచున దిగింది. దస్తగిరి సార్ అప్పుడు పెన్సిలు పట్టుకుని కాగితం మీదికి వంగి ఉన్నారు. కాగితం మీద చిన్న ఈక పడినా ఊదేసే మనిషి. చీమను ఊదలేదు.

నేను చూడకూడదు. బింబం జారిపోకుండా పక్కన చక్రం తిప్పడం నా పని, మొహం గోడవైపు పెట్టి తిప్పాలని నియమం. చీమ కదిలింది కాబట్టి కంటి చివర పడింది.

ఆయన గీసి, కాగితం మడిచి, సంతకం పెట్టి బయటికి వెళ్ళాక నా వంతు. ఇద్దరం వేరువేరుగా గీయాలి. ఆయనది మొదటి కన్ను. మిట్ట మీది మూడు స్టేషన్లకూ మొదటి కన్ను ఆయన ఒక్కరే. మిగతా మేమంతా రెండో కళ్ళం. మొదటి కన్ను చూసిందే లెక్క. మేము ఎక్కువ చూసినా తక్కువ చూసినా, ఒక గుణకంతో హెచ్చించి ఆయన చూపుకు సరిపెడతారు. ఆయన జ్వరంతో పడుకున్న రోజు పని ఆగకూడదని ఈ ఏర్పాటు. ఆకాశంలో తిరిగే పాత యంత్రాలు మూగబోయిన తర్వాత సూర్యుణ్ణి చేత్తో గీయడం తప్ప మాకు వేరే దారి లేదు.

ఈ ఏడాది నా గుణకం మళ్ళీ తగ్గించారు. చేరిన కొత్తలో నేను పది మచ్చలు చూస్తే పదిగానే రాసేవారు. ఇప్పుడు ఆరుగా రాస్తున్నారు.

"పడుచు కన్నుకు నలుసు గూడా మచ్చే బిడ్డా" అన్నారు సార్ నవ్వుతూ. నేనూ అదే నమ్మాను.

స్టేషన్‌లో వంట చేసే ఓబులక్క రాగి సంగటి, ఊరిబిండి తెచ్చి ముందు పెట్టి, రోజూ అడిగేదే అడిగింది.

"ఏం లూర్దమ్మా, ఏమంటాడు మీ సూర్యుడు? ఊరు కొండ దిగేదేనా?"

"ఆరుద్ర వచ్చేదాకా తెలియదక్కా."

"తెలీదంటానే నా బాయికి మూత జేపిచ్చినారు గదమ్మే."

ఆమె ఇంటి బావికి రాతి మూత వచ్చింది. ఇంకా వెయ్యలేదు. గోడకు ఆనించి పెట్టారు.

మృగశిర, ఆరో రోజు. సన్నని పొగమబ్బు. గీయడానికి రెండు గంటలు ఆలస్యం.

మధ్యాహ్నం అద్దాలు తుడిచాను. మెత్తటి నూలుగుడ్డ, బయటి నుంచి లోపలికి, నోటి ఆవిరి తగలకుండా. తర్వాత వైర్‌లెస్‌లో గుండ్లబండ స్టేషన్ జుబేదాకు లెక్క చెప్పాలి. జుబేదా ముఖం నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం బాగా తెలుసు.

"చెప్పు లూర్దూ, ఎంతన్నాడు మీ ముసలాయప్ప?"

"సార్ అను."

"సరే, ఎంతన్నాడు మీ సారప్ప?"

చెప్పాను. 

"అంతేనా! నేను దానికి రెండింతలు జూసినా. ఇదిగో, అందుకే నాకు మళ్ళా కోత బెట్నారు. పది జూస్తే ఆరంట. నా కళ్ళకు దయ్యం పట్టిందని మా అమ్మ తాయెత్తు గట్టింది."

"నీకూ ఆరేనా?"

"అంటే నీకూ ఆరేనా? ఇదేందిమే! ఆ నల్లబండ చెన్నప్ప గూడా ఇదే ఏడుపు ఏడిసె మొన్న. ముగ్గురం ఒకే గురువు దెగ్గర నలుసులు జూసేది నేర్సుకున్యామేమో!"

జుబేదా నవ్వింది. నేను నవ్వలేదు. చీమ గుర్తొచ్చింది.

మూడు కొండల మీద ముగ్గురి కళ్ళూ ఒకే ఏళ్ళలో, ఒకే మేరకు చురుకుగా మారవు. మేము కదలలేదు. మేము దేనికి సరిపెట్టుకుంటున్నామో అది కదిలింది.

జుబేదాకు ఏమీ చెప్పకుండా వైర్‌లెస్ ఆపేశాను.

మృగశిర, తొమ్మిదో రోజు. ఆకాశం నిర్మలం.

మూడు రోజులుగా చెప్పాలనుకుంటూ చెప్పలేకపోయాను. నిన్న ఆయన టీ తాగుతుండగా "సార్" అన్నాను. "ఏం బిడ్డా" అన్నారు. "టీలో చక్కెర చాలిందా" అని అడిగాను.

ఈ రోజు స్టేషన్ దిగి మా ఊరు గువ్వలమిట్ట చూసి వచ్చాను. బండ్ల మైదానంలో మంచాలు, తిరగళ్ళు, కోళ్ళ గంపలు వరుసగా పెట్టారు. ఊరి పెద్ద కదిరప్ప ఒక్కో బావి దగ్గరికి వెళ్ళి మూతకు సున్నం ఎక్కడ పుయ్యాలో చూపిస్తున్నాడు. ఊరు దిగితే బావులు మూసేయాలి. ఒక తరం పాటు ఎవరూ తోడకపోతే భూమి లోపల నీళ్ళు మిగులుతాయని ఆ నియమం.

దీనికంతటికీ కారణం ఎండు గీత. నూటయాభై ఏళ్ళ వానల లెక్కనూ, సూర్యుడి మచ్చల లెక్కనూ పక్కపక్కన పెట్టి పెద్దలు గీసిన గీత అది. మచ్చల సగటు దాని కిందికి రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఈ మిట్ట మీద ఒక తరం పాటు వాన తప్పింది. రెండోసారి ఊరు నమ్మలేదు. ఆ ఏళ్ళ సమాధులు మా కాన్వెంటు వెనక వరుసగా ఉన్నాయి, చాలావరకు చిన్నవి. అందుకే ఇప్పుడు సగటు గీత కిందికి జారితే ప్రశ్నలు లేకుండా ఊరంతా ఘాటు దారిన దిగి సముద్రం ఒడ్డున ఉప్పురేవుకు పోవాలని చట్టం.

దిగినవారి నీటి వాటా పైన రద్దవుతుంది. సూర్యుడు మళ్ళీ తేరుకునేదాకా పైకి రానివ్వరు. నా వయసువాళ్ళు ముసలివాళ్ళయి రావచ్చు. సార్ వయసువాళ్ళు రారు.

సగటు ఇప్పుడు గీతకు వెంట్రుకవాసి పైన ఉంది. ఈ కార్తె చివరి రోజున లెక్క తేలుస్తారు.

ఓబులక్క తన బావి గట్టు మీద కూర్చుని ఉంది. దిగుతాయో లేదో తెలియకుండానే మూటకట్టిన సామాన్లలో ఆమె చీపురు కూడా ఉంది. ఇల్లు ఊడవడానికి పక్కింటి చీపురు అడుక్కుంటోందట.

"ఈ బాయి నా పెండ్లినాడు తవ్విందిమే. నీళ్ళు బడేదాకా తాళి గట్టనని కూసున్న్యాడు మా ఆయన. పొద్దు గుంకినాక పడె. ముహూర్తం యాడ్నో పాయె" అని నవ్వింది. తర్వాత, "అబద్ధం జెప్పడు గదా సూర్యుడు?" అంది.

"చెప్పడు అక్కా" అన్నాను.

మృగశిర, పదో రోజు. ఆకాశం నిర్మలం. గాలి లేదు.

చెప్పాను.

ఆయన గీసి సంతకం పెట్టి లేస్తుండగా, గోడవైపు తిరిగే, చక్రం పట్టుకునే చెప్పాను. మొహం చూస్తూ అయితే చెప్పలేకపోయేదాన్ని. చీమ సంగతి, నా గుణకం, జుబేదాది, చెన్నప్పది. మాటలు అయిపోయాక కూడా చక్రం తిప్పుతూనే ఉన్నాను.

 తర్వాత కుర్చీ లాగిన చప్పుడైంది.

"ఎడమ కంట్లో పొర ఉండాదని తెలుసు. అందుకే కుడికంటితో జూస్తాండా. కుడిది బాగుండాదనుకుంటి." కొంచెం ఆగి, "మబ్బుగా ఉన్యాదంటే గాజు మబ్బు అనుకుంటి. నిన్ను రోజూ అద్దాలు తుడుసమంటి గదా" అన్నారు.

"అవును సార్."

"తుడిసి తుడిసి అరిగిపోయింటాయి పాపం." నవ్వాలని చూశారు. "గీయ్ బిడ్డా. నా ముందర గీయ్."

అది నియమం కాదు. అయినా కూర్చుని గీశాను. ఆయన చెప్పినట్టు, గీసిన ప్రతి మచ్చ మీదా వృత్తలేఖిని ముల్లుతో పొడిచాను. తర్వాత కాగితం తిరగేసి ఆయన చేతికిచ్చాను. వెనకవైపు ప్రతి పోటూ చిన్న బొడిపెలా లేచింది. ఆయన కళ్ళు మూసుకుని చూపుడువేలితో సూర్యుణ్ణి తడిమారు. నడిమి గుంపు దగ్గర వేలు ఆగింది. అక్కడ ఆయన రెండు మచ్చలు గీశారు. వేలి కింద బొడిపెలు ఇంకా ఇంకా వస్తూనే ఉన్నాయి. అంచు దగ్గర ఒక గుంపు ఉంది. అది ఆయన కాగితంలో అసలు లేనే లేదు.

"ఇన్నుండాయా?" అన్నారు.

"ఉండాయి సార్."

మళ్ళీ మొదటి నుంచి తడిమారు. మూడోసారి కూడా. చివరికి కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, అరచేయి దాని మీద ఆనించి కూర్చున్నారు. వేడిగా ఉన్న రొట్టె మీద చెయ్యి పెట్టినట్టు.

"వీడు బాగనే ఉండాడు" అన్నారు. "ముసలితనం నాకు. నా ముసలితనమంతా వానికి అంటగట్టి, ఊరిని కొండ దింపుతాంటి."

 నీళ్ళు తెచ్చిచ్చాను. తాగారు.

"కదిరప్పకు కబురు పెట్టు. లెక్కంతా మళ్ళా తియ్యాల. నువ్వు, ఆ నోటిదురద పిల్ల, చెన్నప్ప, ముగ్గురూ. మీరు చేరిన మొదటి ఏడాది గుణకం పెట్టి తియ్యండి. అప్పుటికి నా కన్ను కన్నే."

మృగశిర, చివరి రోజు. ఆకాశం నిర్మలం. మధ్యాహ్నం దుమ్ము.

లెక్క వచ్చింది. నాదీ జుబేదాదీ చెన్నప్పదీ వేరువేరుగా తీసి పోల్చుకున్నాం. సగటు గీతకు చాలా పైన ఉంది. దగ్గరికి కూడా రాలేదు.

బండ్ల మైదానంలో ఊరంతా కూడింది. మంచాల మీద, బండ్ల నొగల మీద కూర్చున్నారు. దస్తగిరి సార్ లేచి, తన కన్ను పోయిన సంగతి, ఎప్పటి నుంచి పోయిందో తనకు తెలియని సంగతి దాచకుండా చెప్పారు.  ముందు వరుసలో ఒక ముసలావిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

కదిరప్ప లేచాడు. రెండు నెలలుగా సామాన్లు కట్టించి కట్టించి గొంతు బొంగురుపోయి ఉంది.

"అంటే సూర్యుడు చల్లారలేదంటావు సారూ."

"లేదప్పా."

"మరి వాన యాడికి బోయింది సామీ? మూడేండ్లాయె సినుకు జూసి. నీ కన్ను పోయింది సరే, నా చేను గూడా కండ్లు పోయి ఎండిందా?"

కొందరు నవ్వారు. సార్ కూడా నవ్వారు.

"కదిరప్పా, సూర్యునికీ మన వానకూ ఉండేది వియ్యంకుల సంబంధం. పెద్ద కార్యాలకు ఒకరింటికొకరు రాక తప్పదు. నడమ మూడేండ్లు అలిగి పలకరించుకోకుంటే సంబంధం తెగినట్టా? నేను జెప్పేది తరం మాట. మూడేండ్ల మాట కాదు. మూడేండ్లు సముద్రం అలుగుతాది, గాలి అలుగుతాది. వాటి లెక్క నా కాడ లేదు."

"మరి వచ్చే నెల మాట ఎవుర్ని అడగాల?"

"మబ్బునడుగు."

"మబ్బుంటే నిన్నెందుకడుగుతా!"

ఈసారి అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక కదిరప్ప గొంతు మారింది.

"నవ్వుకుంటే సరిపాయనా? ముందుబండ్ల మాటేంది?"

 ముందుబండ్లు నేను స్టేషన్‌లో చేరిన మరుసటి ఏడాది దిగాయి. సగటు గీత వైపు జారడం మొదలైనప్పుడు, ఊరు రాకముందే ఉప్పురేవులో పాకలు వేసి, ఉప్పునేలను సాగుకు తేవాలని ఇంటికొకరు చొప్పున కొందరు వెళ్ళారు.

"మనం వస్తామనే గదా వాళ్ళు దిగినారు" అన్నాడు కదిరప్ప. "వాళ్ళ నీటి వాటా కొట్టేసినాం. సూర్యుడు చల్లారి, మళ్ళా తేరుకున్యాకనే వాళ్ళు పైకి రావాలని గదా చట్టం. ఇప్పుడు చల్లారనేలేదంటాండారు. చల్లారనోడు యాడ తేరుకుంటాడు? మనం పోము, వాళ్ళు రాలేరు. ఏం జెబుదాం వాళ్ళకు? చెప్పండప్పా ఎవురన్నా."

 ఓబులక్క మెల్లగా, "వాళ్ళను పైకి రానిస్తే కాదా?" అంది.

"బాయిల్లో ఉండేది ఉన్నోళ్ళకే సాలదక్కా. మూడేండ్ల కరువు. నీ బాయి ఎంత లోతుకు బోయిందో నీకు తెలీదా?"

ఆమె తల దించుకుంది.

చట్టం ప్రకారం లెక్క ప్రకటించాల్సింది మొదటి కన్ను. సార్ మెడలో నల్లదారానికి వేలాడే ఇత్తడి మూత తీశారు. దుర్బిణి అద్దానికి పెట్టే మూత అది. నన్ను దగ్గరికి పిలిచి నా మెడలో వేశారు. ఆయన ఒంటి వేడికి అది వెచ్చగా ఉంది.

"నిలబడి చెప్పు బిడ్డా."

వందల మంది నన్నే చూస్తున్నారు. కాన్వెంటులో పద్యం అప్పజెప్పమంటే నేను బల్ల కింద దూరేదాన్ని. సిస్టర్ బెనడిక్టా అనేవారు, గొంతు పెద్దది కానక్కర్లేదు, చివరి మాట మింగకుండా ఉంటే చాలని.

నేను కాసేపు నిలబడే ఉన్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు. "చెప్పు పాపా, మేమేమన్నా కొరుకుతామా!" అన్నారెవరో.

"సగటు గీతకు పైన ఉంది. ఊరు దిగనక్కర్లేదు."

"ఇనపళ్ళే!" అని వెనక నుంచి అరిచారు.

మళ్ళీ చెప్పాను. ఈసారి అందరికీ వినిపించింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. వాన తెచ్చే మాట కాదు కదా అది. ఇంకో కరువు ఏడాది ఇక్కడే ఉండి ఓర్చుకోమని చెప్పే మాట. ఒక్కొక్కరే లేచి, కట్టిన సామాన్ల దగ్గరికి వెళ్ళి, ముడులు విప్పడం మొదలుపెట్టారు. తాడు బిగిసిపోయిన చోట పళ్ళతో లాగుతున్నారు.

ఆరుద్ర కార్తె, రెండో రోజు. ఆకాశం నిర్మలం. నైరుతిన కొంచెం మబ్బు, నిలవలేదు.

సున్నం పూసేసిన బావుల మూతలు గడ్డపారలతో లేపుతున్నారు. ఓబులక్క తన బావి మూతను చాకిరేవు బండగా వాడుకుంటానంటోంది. ఆమెకు చీపురు దొరికింది.

కదిరప్ప పొద్దున్నే స్టేషన్‌కి వచ్చాడు. కింది నుంచి వచ్చిన ఉప్పుబండి రేపు తిరిగి దిగుతోందని, ఉప్పురేవులో కంటి ఆసుపత్రి ఉందని, సార్‌కి చోటు ఇప్పిస్తానని చెప్పాడు.

"దిగితే మళ్ళా ఎక్కనిస్తావా?" అన్నారు సార్.

కదిరప్ప నేల చూశాడు. "చట్టం సారూ."

"అయితే వద్దులే. చక్రం తిప్పేదానికి కన్నెందుకు? ఈ పాపకు రెండో మనిషి కావాల గదా."

కదిరప్ప కాసేపు అక్కడే తచ్చాడి, పొయ్యి మీద ఉన్న టీ తనే వంచి ఆయన చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఈ రోజు నేను మొదట గీశాను. ఆయన గోడవైపు మొహం పెట్టి చక్రం తిప్పారు. బింబం కొంచెం జారితే "ఎడమకి సార్" అన్నాను. సరిచేశారు. గీసి, ముల్లుతో పొడిచి, కాగితం ఇచ్చాను. తడిమి చూసి, అంచు దగ్గర కొత్త గుంపు పెద్దదవుతోందని ఆయనే చెప్పారు. నిజమే.

జుబేదా లెక్క రాసుకుని, "గొంతు అట్లుందేంది లూర్దూ?" అని అడిగింది. దుమ్ము అన్నాను.

తర్వాత ఉప్పురేవుకు కబురు పంపాలి. ఇదివరకు ఆ పని సార్ చేసేవారు, ఇప్పుడు నాది. చట్టంలో ఉన్న మాటలే చదవాలి, కలపకూడదు, తీయకూడదు. చదివాను: గువ్వలమిట్ట దిగడం లేదు. ముందుబండ్లవారు ఉన్నచోటే ఉండాలి. అవతలివాళ్ళు తిరిగి చదివి వినిపించి, అందిందన్నారు.

ముందుబండ్లలో వెళ్ళినవాళ్ళలో మా అమ్మ ఉంది.